రోకళ్ల కాళ్ల గుర్రం

మా మనవరాలు నా కోసం కొనుక్కొచ్చిన నాలుగు కాళ్ల వస్తువొకటి మూడు నెలలుగా గది మూలన నిలబడి ఉంది. వాకర్ అంటారట. తుంటి విరిగి అతికిన ముసలివాళ్లు దాన్ని ముందుకు జరుపుకుంటూ వెనకాలే తాము జరగాలట. నేను దాని మీద తడి తువ్వాళ్లు ఆరేస్తున్నాను. ఆ పనికి అది బ్రహ్మాండంగా ఉంది. నడవడానికి మాత్రం పనికిరాదు, ఊగుతుంది. ఆ సంగతి మా అమ్మాయికి చూపించాను, మనవరాలికి చూపించాను, నన్ను చూడటానికి వచ్చిన పక్కింటావిడకు కూడా చూపించాను. దీన్ని నమ్ముకుని నడిస్తే ఆ రెండో తుంటి కూడా పోతుందని గట్టిగానే అన్నాను. అందరూ తలూపారు.

మొన్న మధ్యాహ్నం మనవరాలికి ఏం బుద్ధి పుట్టిందో, "ఎక్కడ ఊగుతుందో నేను చూస్తానుండు అవ్వా" అంటూ తువ్వాళ్లు తీసి నా మంచం మీద పడేసింది. దాన్ని తలకిందులు చేసి నేల మీద పెట్టింది. నాలుగు కాళ్లూ పైకి లేచాయి.  "దాని జోలికి పోవద్దు, అక్కడ పెట్టేయ్" అని కసిరాను. పాపం, చిన్నబోయి పెట్టేసి వెళ్లిపోయింది. అలా కసరడానికి ఒక కారణముంది, అది చివర్లో చెబుతాను. కాళ్లు పైకెత్తుకున్న ఆ వస్తువును చూశాక మాత్రం ఆ రోజంతా నాకు మరో ధ్యాస లేకపోయింది. మా ఊళ్లో, మా కొట్టంలో, సరిగ్గా అలాగే తిరగబడి పోయిన ఇంకో నాలుగు కాళ్ల వస్తువు గుర్తొచ్చింది. దాన్ని చేసింది నేనే. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మా ఊరు ఏటి ఒడ్డున ఉండేది. వడ్రంగం మా ఇంటి పని. నాయన వాళ్ల నాయన్ని మేం అబ్బ అనేవాళ్లం. ఊరి మొత్తానికి మడకలు, చేను చదును చేసే గుంటకలు, విత్తనం వేసే గొర్రులు చేసిపెట్టేది అబ్బ ఒక్కడే. కళ్లాల్లో ధాన్యం రాశి పోసినప్పుడు ప్రతి రైతూ మా ఇంటికి ఇన్ని జొన్నలు, ఇన్ని కొర్రలు కొలిచి పంపేవాడు. దాన్ని మేర అంటారు. ఆ గింజలే మాకు ఏడాది తిండి. ఊరికొక వడ్రంగి ఇల్లు, ఆ ఇంటికి ఆ ఊరు. ఆ కట్టు ఎప్పుడు మొదలైందో అబ్బకు కూడా తెలియదు.

మా నాయన మాత్రం ఆ కట్టు తెంచుకుని డ్యాం కట్టేచోటికి కొయ్యపనికి పోయాడు. అమ్మ, నా తమ్ముడు కూడా ఆయన వెంట అక్కడే రేకుల గుడిసెలో ఉండేవాళ్లు. నన్ను అబ్బ దగ్గర, అవ్వ దగ్గర వదిలిపెట్టారు. అవ్వకు చేతికింద ఉంటానని వదిలారు గానీ, నేను చేతికింద ఉన్నది తక్కువ, కాళ్లకు అడ్డం పడ్డది ఎక్కువ.

ఇంటి పక్కనే కొట్టం. నేలంతా నాపరాళ్లు పరిచి ఉండేవి. ఒక రాయి మీద పులిజూదం గీతలు చెక్కి ఉండేవి. సాయంత్రం పూట అబ్బ, బండి తోలే సాయిబు మామ ఆ గీతల దగ్గర కూర్చుని పులుల్ని మేకల్తో కట్టేసుకుంటూ లోకమంతా తిరిగొచ్చేవాళ్లు. కొట్టంలో అడుగు పెడితే ఏ కొయ్య పనిలో ఉందో ముక్కే చెప్పేది. వేప అయితే చేదు వాసన గొంతుదాకా దిగేది. తుమ్మ అయితే పచ్చి వగరు. చింతకొయ్యకు ఒక పులిసిన వాసన. ఆ చెక్కపేళ్లన్నీ నేను గంపకెత్తి పొయ్యి దగ్గర పోస్తే, అవ్వ వాటి మంట మీద జొన్నరొట్టెలు కాల్చేది. రొట్టె మీద ఇంత ఊరిబిండి పెట్టి చేతికిస్తే దాన్ని చుట్టుకుని తింటూ మళ్లీ కొట్టంలోకే పరుగు. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుని పడే పలుచని పేళ్లను ముక్కు కింద మీసాల్లా తుమ్మబంకతో అంటించుకుని, అబ్బలా గంభీరంగా నడిచేదాన్ని. బంక ఎండాక మీసం ఊడక, అవ్వ ఆముదం రాసి పీకుతుంటే ఊరంతా వినపడేలా అరిచేదాన్ని.

ఎన్ని వేషాలు వేసినా పనిముట్లను మాత్రం తాకకూడదు. ఆడపిల్ల ఉలి దాటితే తిట్లు, తాకితే వీపు మీద దెబ్బలు. ఆ చట్టం అబ్బది కాదు, అవ్వది. దసరా నాడు బాడిసకు, రంపానికి, ఉలులకు పసుపు కుంకుమలు పెట్టేది తనే. మిగతా దినాల్లో తాను కూడా వాటిని చీపురుతోనే జరిపేది.

అబ్బ పని చేసే తీరు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా వైపు వడ్రంగులు నేల మీద గొంతుకూర్చుని పని చేస్తారు. కొయ్యను పట్టుకునేది కాళ్లతో. అబ్బ ఎడమకాలి బొటనవేలు, దాని పక్క వేలు కలిపితే పట్టకారు కన్నా గట్టి. తుమ్మ దూలం చివరైనా సరే ఆ రెండు వేళ్ల మధ్య ఇరికించాడంటే కదిలేది కాదు. కుడిచేత్తో బాడిస ఎత్తి వేలికి వెంట్రుకవాసి దూరంలో వేసేవాడు. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచేది, ఆయన మాత్రం మాట్లాడుతూనే చెక్కేవాడు.

ఆ ఏడు ఉగాది దాటిన తర్వాత ఒక పొద్దున, కాడిమాను చెక్కుతుండగా బాడిస కొయ్యలోని ముడికి తగిలి పక్కకు జారింది. టౌన్ ఆసుపత్రికి సాయిబు మామ బండిలోనే తీసుకుపోయారు. ప్రాణానికి ఏమీ కాలేదు. ఆ రెండు వేళ్లు మాత్రం తీసేశారు.

పుండు మానింది. అబ్బ లేవలేదు. కొట్టం వసారాలో చాప మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. పులిజూదం రాయి మీద దుమ్ము పేరుకుంది. సాయిబు మామ వచ్చి పిలిచినా ఇటు తిరిగేవాడు కాదు. సంగటి ముద్ద పెడితే సగం తిని సగం కాకులకు వేసేవాడు. అవ్వ మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది, తర్వాత అదీ మానేసింది. నాకైతే ఇల్లంతా చప్పుడు లేకపోవడమే భయంగా ఉండేది. పుట్టినప్పటి నుంచి బాడిస చప్పుడుకే నిద్రలేచిన దాన్ని.

రోహిణి కార్తె ఎండలు మొదలయ్యాయి. ఆ ఎండలు పోయి తొలకరి పడే లోపల ఊళ్లో గుంటకలు, గొర్రులు అన్నీ బాగుపడాలి. గుంటకకు అడ్డంగా ఉండే లావు కొయ్యను దిండు అంటారు, అది విరిగితే గుంటక కదలదు. ఒక ఉదయం పెద్దరెడ్డి మా వసారా ముందు వచ్చి నిలబడ్డాడు. ఊళ్లో పెద్ద సేద్యం ఆయనదే. చెడ్డవాడు కాదు. అందుకే ఆయన మాట ఇంకా భయపెట్టింది.

"ఏం ఆచారీ, ఎట్లుండావు?"

"ఉండాను రెడ్డీ."

"వాన మనకోసం నిలబడదు కదప్పా. నా గుంటకలు రెండు దిండ్లు ఇరిగి పడుండాయి. ఊళ్లో ఇంగా పది ఇండ్లవి ఉండాయి. రోహిణి అయ్యేలోపల నువ్వు లేస్తే సరే. లేకుంటే ఏటి అవతలుండే వడ్లాయన్ని పిలిపించల్ల. పిలిపించినాక మళ్ల పొమ్మనేది బాగుండదు. చెప్పలేదనొద్దు."

అబ్బ గోడవైపే చూస్తూ, "చెయ్యండి రెడ్డీ, మీ పని మీరు చూసుకోవల్ల గదా" అన్నాడు. ఇన్ని తరాల ఊరిని అంత చిన్నమాటతో వదిలేశాడు. గుమ్మంలో నిలబడి వింటున్న అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజే నాకొక సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందు చలికాలంలో అమ్మానాయనల దగ్గరికి పోయినప్పుడు డ్యాం పనిలో ఒక వింత చూశాను. అక్కడ ఎవరూ కొయ్యను కాళ్లతో పట్టుకోవడం లేదు. అడ్డంగా ఒక మొద్దు, దానికి గడ్డిమేసే పశువులా ఎడంగా చాపిన నాలుగు కాళ్లు. దాని మీద కొయ్య పెట్టి, నిలబడి, మోకాలితో అదిమి కోస్తున్నారు. దాన్ని గుర్రం అనేవాళ్లు. నేను అబ్బ దగ్గర కూర్చుని అదంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"నిలబడి కోసేది మిషన్ మే. మనిషి కాదు. కాలితో కొయ్య పట్టలేనోడు వడ్లోడే కాదు, పో" అన్నాడు అబ్బ.

పో అంటే పోయే రకాన్ని కాదు నేను. సాయిబు మామ దగ్గరికి పోయాను. ఏటి ఒడ్డున గాలికి విరిగిపడిన పచ్చి తుమ్మ ఒకటి ఉంది. దాని మొద్దు మూడు మూరలు కావాలన్నాను.

"ఎద్దుల్ని అదిలించేది తప్ప నాకేం తెల్దు బిడ్డా" అని గొణిగాడు గానీ, మర్నాడు మొద్దును, దాని కొమ్మల్ని బండికేసుకుని తెచ్చి కొట్టంలో దింపాడు. "మీ అబ్బ లేచి పులిజూదం ఆడితే చాలు నాకు. ఒగన్నే ఆడుకోల్యాక పిచ్చెక్కుతాండాది."

ఇక పనిముట్లు. నేను ఉలి చేతికి తీసుకునేసరికి అవ్వ పొయ్యి దగ్గర నుంచి కట్టెతో సహా వచ్చింది. "ఏందిమే అది? పెట్టు కింద! కొంప ముంచుతావా?" నేను అబ్బవైపు చూశాను. అబ్బ అప్పుడు ఇటువైపు తిరిగే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాడు. వద్దనలేదు, సరేననలేదు. ఇంటి మగాడు వద్దననిదాన్ని తానెలా వద్దంటుందని అవ్వ గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. మేమంతా ఆ మౌనాన్ని ఒప్పుదల అనుకున్నాం.

పచ్చికొయ్య పిల్లల చేతికి కూడా లొంగుతుంది. సాయిబు మామ మొద్దు మీద కూర్చుని రంధ్రాలు వేసే బరమాను పైనుంచి నొక్కిపట్టేవాడు. దాని ఒంటికి చుట్టిన తాడును నేను ఇటొకసారి అటొకసారి లాగేదాన్ని. తడి పేడు నూలులా బయటికి వచ్చేది. నాలుగు రంధ్రాలు వేయడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆ తుమ్మ కొమ్మలే నాలుగు నరికి, కొసలు చెక్కి, రంధ్రాల్లోకి కొయ్యసుత్తితో దిగ్గొట్టాం. ఎంత బిగుతుగా దిగాయనుకున్నారు! సాయిబు మామ ఎక్కి కూర్చుని ఊగి చూశాడు. చెక్కుచెదరలేదు. నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. వాటిని ఊళ్లో పిల్లలందరికీ చూపించి వచ్చాను. అబ్బ చాప మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఐదు రోజులు అబ్బను బతిమాలడానికి సరిపోయాయి. ఆ ఐదు రోజులూ గుర్రం వసారా అంచున, రోహిణి ఎండలో, వడగాలిలో నిలబడింది. ఆరోనాడు పెద్దరెడ్డి మళ్లీ వచ్చాడు. ఈసారి తన గుంటక దిండుకు కొత్త కొయ్య కూడా జీతగాడి భుజం మీద పెట్టించుకుని వచ్చాడు.

"ఏందో గుర్రం చేసినారంట, చూద్దామని వచ్చినా" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. అబ్బ లేవక తప్పలేదు. గోడ పట్టుకుని, మడమ మీద కుంటుకుంటూ కొట్టంలోకి వచ్చాడు. రెండు నెలల తర్వాత ఆయన నిలబడడం చూసి నాకు ఎగిరి గంతేయాలనిపించింది. జీతగాడు గుర్రాన్ని లోపలికి జరిపి, కొయ్యను దాని మీద పెట్టాడు. అబ్బ రంపం అందుకుని, మోకాలితో అదిమి, ఒక్క లాగు లాగాడు.

ఒక కాలు పుటుక్కున ఊడింది. దాని వెంట రెండోది. మొద్దు పక్కకు ఒరిగి తిరగబడింది, కొయ్య జారి నాపరాతి మీద పడింది, అబ్బ దాని పక్కనే కూలబడ్డాడు. మొద్దుకు మిగిలిన రెండు కాళ్లూ పైకి లేచి నిలబడ్డాయి.

పెద్దరెడ్డి అబ్బను రెక్క పట్టి లేపి కూర్చోబెట్టాడు. దెబ్బేమీ తగల్లేదని చూసుకున్నాక మెల్లగా అన్నాడు. "ఇంగ వద్దులే ఆచారీ. రేపు పొద్దున సాయిబును బండి కట్టుకుని ఏటి అవతలికి పొమ్మంటా." కొయ్యను అక్కడే వదిలేసి జీతగాడితో వెళ్లిపోయాడు.

అప్పుడు విరుచుకుపడింది అవ్వ. "చెప్తే ఇంటివా? ఆడపిల్ల ఉలి తాకితే ఇట్లనే అయితాది. తరతరాల పనికి మన్ను పోస్తివి కదమే!"

 నా మీద కోపంతో అనలేదు తను, నిజంగానే నమ్మింది. నేనూ నమ్మాను. నా చేతులు తగలడం వల్లే కాళ్లు ఊడాయి. నా వల్లే ఊరు పోయింది. బొబ్బలున్న ఆ అరచేతులను లంగా వెనక దాచుకుని ఏడ్చాను. ఈ ఎనభై ఏళ్లలో చాలాసార్లు ఏడ్చాను గానీ, అంత ఒంటరిగా ఎప్పుడూ ఏడవలేదు.

అబ్బ ఊడిపోయిన కాలొకటి చేతిలోకి తీసుకున్నాడు. దాని కొసను వేలితో తడిమాడు. 

"దాన్ని అనొద్దుమే" అన్నాడు చివరికి. "దాని తప్పు కాదు. ఉలి తప్పూ కాదు. నాది."

"నువ్వేం చేసినావని?"

"నేనేమీ చెయ్యల్యా, అదే తప్పు. పచ్చి మొద్దులో పచ్చి కాళ్లు దిగ్గొడతా ఉంటే చూస్తా ఉన్యా. కాళ్లు సన్నవి, బిరీన ఎండుతాయి. ఎండితే కుంచుకపోతాయి. రంధ్రం రంధ్రమే ఉంటాది, కాలు వదులైతాది. మొదటిరోజే తెలుసు నాకు, ఇది నిలబడదని."

"తెలిసి యాల చెప్పకపోతివి?"

అబ్బ నావైపు చూడలేక ఆ కొయ్యవైపే చూస్తూ అన్నాడు. "పడిపోతే ఇంగ నన్ను గమ్మున వదిలేస్తారు గదా అనుకున్యా. ఆ బిడ్డ చేతులు బొబ్బలెక్కుతా ఉంటే కూడా నోరు మూసుకోని ఉన్యా."

అవ్వ లోపలికి వెళ్లింది.  వంటింట్లో ఏదో జరిపిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి రెండు భుజాల మీద రెండు రోకళ్లు. చండ్రకొయ్యవి, అవ్వ కాపురానికి వచ్చినప్పటివి. జొన్నలు, కొర్రలు దంచి దంచి నడుమ చేతులు పట్టేచోట సన్నబడి నున్నగా మెరిసేవి. ఒక కొసకు ఇనుప పొన్నులు. పండగ నాడు వాటికి కూడా పసుపు పూసేది అవ్వ. వాటిని మగవాళ్లు తాకితే ఊరుకునేది కాదు.

రెంటినీ అబ్బ ముందు దబ్బున పడేసింది. "ఇవి ఎండినవేనా?"

"ఏమ్మే, రోకళ్లు..."

"ఎండినవా కాదా, అది చెప్పు."

"నలభై ఏండ్లు దంచినవి. ఇంతకన్నా ఎండినవి ఊళ్లోనే లేవు."

"అయితే కొయ్యి. నువ్వు చెప్పకపోతివి, నేను బిడ్డను తిడితిని. ఇద్దరమూ ఇద్దరమే."

"మరి జొన్నలు యాడ దంచుతావు?"

"ఊళ్లో రోళ్లు లేవా, రోకళ్లు లేవా? నా బాధ నీకెందుకు? నువ్వు ముందు కొయ్యి."

అబ్బ రంపం వైపు చేయి చాపాడు. మధ్యలో ఆగి, నావైపు తిరిగి, "ఆ ఉలి ఇట్లందీ పాపా" అన్నాడు. నేను భయంగా అవ్వను చూశాను. అవ్వ ఉలి దగ్గరే నిలబడి ఉంది. వంగి, దాన్ని తన చేత్తో తీసి, నా చేతిలో పెట్టింది. దసరా కాని రోజున అవ్వ ఉలి ముట్టుకోగా నేను చూడటం అదే మొదటిసారి.

ఒక్కో రోకలిని రెండు ముక్కలు చేశాడు. మొద్దులో వేలు పెట్టి చూసి, "ఇది లావుది, లోపల ఇంగా పచ్చిగానే ఉండాది. మంచిదే" అన్నాడు. రోకలి ముక్కల కొసలను రంధ్రాలకు సరిపోయేలా ఎంత ఓపిగ్గా చెక్కాడో! చెక్కుతూ చెక్కుతూ నాకు చెప్పాడు. "ఒళ్లు పచ్చిది, కాళ్లు ఎండువి. అది గుర్తు పెట్టుకో. ఎండిన కాలు ఇంగ కుంచుకపోదు. పచ్చి మొద్దు ఎండేకొద్దీ కాలిని అదుముకుంటాది. ఎండ ఎంత కాస్తే అంత బిగుతు." చివరి కాలు దిగ్గొట్టేసరికి పొద్దు వాలుతోంది. పొన్నులున్న ముక్కలు రెండు ముందుకాళ్లు, లేనివి వెనక్కాళ్లు. నాపరాయి మీద కొంచెం జరిపితే ముందుకాళ్లు టక్‌మనేవి. ఆ చప్పుడు కోసం నేను దాన్ని అటూ ఇటూ జరిపి జరిపి తిట్లు తిన్నాను.

మర్నాడు తెల్లవారగానే సాయిబు మామ బండి కట్టకుండా ఉత్తచేతులతో మా ఇంటికి వచ్చాడు. "రెడ్డి ఏటి అవతలికి పొమ్మన్యాడు. ఏం చేద్దాం, నా ఎద్దు కుంటుతాండాది. ఆచారికీ కాలే, దానికీ కాలే. ఏం ఖర్మో ఈ ఊరికి" అన్నాడు ముఖం ఎంతో విచారంగా పెట్టి. ఆయన ఎద్దు వీధిలో తోక లేపుకుని నిక్షేపంగా పరుగెడుతోంది.

అబ్బ నవ్వాడు. రెండు నెలల తర్వాత నవ్వు. వెంటనే పెద్దరెడ్డి వదిలివెళ్లిన కొయ్యను గుర్రం మీదికి ఎత్తమన్నాడు. సాయిబు మామ ఒక చివర పట్టాడు. కొయ్య కదలకుండా దాని మీద ఎక్కి కూర్చోవడం నా పని. నిజంగా గుర్రం ఎక్కినంత సంబరం. అబ్బ మొదట తడబడ్డాడు. యాభై ఏళ్లు కూర్చుని చేసిన పనిని నిలబడి చేయాలంటే చేతికి ఎత్తు తెలియదు, నడుముకు వంపు తెలియదు. రెండుసార్లు గీత తప్పాడు. బూతు తిట్టుకున్నాడు, నేను చెవులు మూసుకున్నట్టు నటించాను. మధ్యాహ్నానికి చేయి కుదురుకుంది. పచ్చని పేళ్లు నా పాదాల మీద పడుతుంటే, ఆ వాసన పీలుస్తూ, దాని మీదే కూర్చుని అవ్వ ఇచ్చిన రొట్టె తిన్నాను.

బండి ఇంకా ఎందుకు పోలేదో కనుక్కుందామని పెద్దరెడ్డి కోపంగా వచ్చేసరికి ఆయన గుంటక దిండు గోడకు ఆనించి ఉంది. దాన్ని చేత్తో నిమిరి చూశాడు. వంగి గుర్రం కాళ్లు చూశాడు. పొన్నులు కనిపించాయి.

"ఇవి రోకళ్లు కదప్పా!"

"అవును రెడ్డీ" అన్నాడు అబ్బ.

పెద్దరెడ్డి అవ్వవైపు చూశాడు, అవ్వ కొంగు సర్దుకుంది. "రెండోది కూడా పంపిస్తా, దాని దిండు కూడా చూడు ఆచారీ" అన్నాడు ఆయన. అంతే. ఏటి అవతలాయన మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మృగశిర ఐదోనాడు వాన పడింది. ఆ వానకు ఊళ్లో కదిలిన ప్రతి గుంటకా, ప్రతి గొర్రూ ఆ గుర్రం మీద నుంచి దిగినదే.

విత్తనాలు పడ్డాక అబ్బ చేసిన మొదటి పని అవ్వకు కొత్త రోకళ్లు. అవి బరువెక్కువని, చేతికి కుదరవని, పాతవాటి సుఖం వీటికి రాదని అవ్వ పోయేదాకా సణుగుతూనే ఉంది. "నా కాళ్లు నాకిచ్చెయ్" అనేది ఒక్కోసారి. ఒకసారి అబ్బ సరదాకు సాయిబు మామతో కలిసి గుర్రం కాళ్లు లాగి చూశాడు. ఊడలేదు.

మా ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. మా నాయన ఏదో ఒక డ్యాం కట్టడానికి పోతే, ఇంకేదో డ్యాం వచ్చి మా ఊరినే ముంచింది. ఖాళీ చేసే రోజున అబ్బా లేడు, అవ్వా లేదు. నాయన లారీలో సామాన్లు సర్దుతూ గుర్రం కాళ్లు ఊడదీస్తే చోటు కలిసొస్తుందని సుత్తితో కొట్టాడు, కాలితో తన్ని లాగాడు. ఒక్కటీ కదల్లేదు. లారీవాడు తొందర చేశాడు. కొట్టం మధ్యలో, పులిజూదం రాయి పక్కన దాన్ని నిలబెట్టి వచ్చేశాం. నేను వెనక్కి తిరిగి చూశాను. దాని మీద నుంచి ఎవరో ఇప్పుడే కొయ్య దింపుకుని పోయినట్టు ఉంది.

ఇన్నేళ్లూ ఈ కథను నేను అవ్వ కథగానే చెప్పుకుంటూ వచ్చాను. రోకళ్లు తెచ్చి పడేసిన అవ్వ గురించి మా అమ్మాయికి చెప్పాను, మనవరాలికి చెప్పాను. అబ్బ అన్న ఆ మాటను మాత్రం దాటేసేదాన్ని. పడిపోతే వదిలేస్తారు కదా అనుకున్న మనిషిని తలచుకుంటే నాకు బాధగా ఉండేది, కొంచెం కోపంగా కూడా ఉండేది. అంతటివాడు చిన్నపిల్ల చేతులు బొబ్బలెక్కుతుంటే ఎలా చూస్తూ ఊరుకున్నాడని.

మొన్నటితో ఆ కోపం పోయింది.

వాకర్‌కు ఒక్కో కాలికీ ఒక చిన్న బుడిపె ఉంటుంది. దాన్ని నొక్కితే కాలు పొట్టిగానో పొడుగ్గానో జరుగుతుంది. అది ఇంటికి వచ్చిన రెండోరోజే, ఎవరూ లేనప్పుడు, నేను ఒక కాలి బుడిపె నొక్కి ఒక రంధ్రం పైకి జరిపాను. అందుకే ఊగుతోంది. కాలితో నేలను పట్టలేని మనిషి మనిషే కాదనిపించింది నాకు. ఇది పనికిరాదని తేలితే నన్ను మంచం మీద ఇలా వదిలేస్తారనుకున్నాను.

నిన్న సాయంత్రం మనవరాలు కాలేజీ నుంచి రాగానే పిలిచాను. కసిరినందుకు ఇంకా మూతి ముడుచుకునే ఉంది. మళ్లీ ఆరేసిన తువ్వాళ్ల కింద ఆ కాలు చూపించి, నేనే చేశానని చెప్పాను.  పిల్లకు కోపం వస్తుందేమో అనుకున్నాను, దాని కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఎందుకవ్వా?" అంది.

"మా అబ్బ బుద్ధి వచ్చింది నాకు. చెప్తాలే, ముందు ఆ తువ్వాళ్లు తియ్యి."

నేలమీద కూర్చుని ఆ బుడిపె నొక్కి కాలు కిందికి లాగింది. సరైన రంధ్రంలో అది టక్‌మని పడింది. నేను మంచం మీద నుంచి లేచి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, వంటింటి దాకా నడిచాను.